ఇస్త్రీ పెట్టెతో పీసీబీ: 555 బ్లింకర్ బోర్డును ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలా?

ఇంట్లో చేసిన పీసీబీ (భాగాలను రాగి దారులతో కలిపే ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు) పాడైతే అందరూ ముందు రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాన్నే అనుమానిస్తారు, పాతబడిందనో పలచబడిందనో. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు. రాగి మీద జిడ్డు మిగిలిపోవడం వల్లో, ఇస్త్రీ పెట్టె వేడి అంచుల దాకా చేరకపోవడం వల్లో బోర్డు అప్పటికే చెడిపోయి ఉంటుంది. ద్రావణంలో పడ్డాక ఆ సంగతి బయటపడుతుంది, అంతే. అందుకే ఈ పద్ధతిలో ఎచింగ్ (అక్కర్లేని రాగిని ద్రావణంలో కరిగించడం) కంటే దాని ముందు చేసే పనులకే ఎక్కువ సమయం ఇవ్వాలి.

ఇక్కడ చెప్పేది టోనర్ ట్రాన్స్‌ఫర్ పద్ధతి. లేజర్ ప్రింటర్ టోనర్ అంటే నల్లరంగు కలిపిన ప్లాస్టిక్ పొడి. కాగితం మీద ప్రింటయిన ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ వేడి చేసి రాగి మీదికి అతికిస్తాం. టోనర్ ఉన్నచోట రాగిని ద్రావణం ముట్టుకోదు, లేనిచోట తినేస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో ఉండేది సిరా, ప్లాస్టిక్ కాదు. కాబట్టి అది ఈ పనికి పనికిరాదు.

సర్క్యూట్

మొదటి బోర్డుకు 555 టైమర్‌తో ఎల్ఈడీ బ్లింకర్‌ను (చిన్న దీపాన్ని ఆగి ఆగి వెలిగించే సర్క్యూట్‌ను) మించింది లేదు. హాన్స్ కామెంజిండ్ 1971లో డిజైన్ చేయగా, 1972లో సిగ్నెటిక్స్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ఈ ఐసీ (చిప్) ఇప్పటికీ తయారవుతూనే ఉంది. కాళ్లు ఎనిమిదే, వాటి మధ్య ఎడం 2.54 మి.మీ. ఇంట్లో చేసే బోర్డుకు హాయిగా సరిపోతుంది.

కావలసిన భాగాలు:

- ఎన్ఈ555 ఐసీ, దానికి ఎనిమిది కాళ్ల సాకెట్
- రెసిస్టర్లు: 10 కిలో ఓమ్ (గోధుమ, నలుపు, నారింజ), 68 కిలో ఓమ్ (నీలం, బూడిద, నారింజ), 470 ఓమ్ (పసుపు, ఊదా, గోధుమ)
- కెపాసిటర్లు: 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ (16 వోల్టులు లేదా అంతకు మించి), 10 నానోఫారడ్ సిరామిక్, 100 నానోఫారడ్ సిరామిక్
- ఎర్ర ఎల్ఈడీ, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్
- ఒకవైపే రాగి ఉన్న ఎఫ్‌ఆర్4 (గాజు పీచుతో చేసిన గట్టి పలక) కాపర్ క్లాడ్ షీట్, 1.6 మి.మీ. మందం, రాగి పొర 35 మైక్రాన్లు

కనెక్షన్లు ఇవి. (ఐసీ మీది గంటు పైకి ఉండేలా పెడితే ఎడమవైపు పై నుంచి కిందికి 1 నుంచి 4, కుడివైపు కింది నుంచి పైకి 5 నుంచి 8 కాళ్లు.) 1వ కాలు నెగటివ్‌కు. 8, 4 కాళ్లు పాజిటివ్‌కు. పాజిటివ్ నుంచి 7వ కాలికి 10 కిలో ఓమ్, 7 నుంచి 6కు 68 కిలో ఓమ్. 2, 6 కాళ్లను ఒకదానితో ఒకటి కలపాలి. అక్కడి నుంచి నెగటివ్‌కు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని గీత ఉన్న కాలు నెగటివ్ వైపు. 5వ కాలి నుంచి నెగటివ్‌కు 10 నానోఫారడ్. 8కి, 1కి మధ్య 100 నానోఫారడ్, వీలైనంత ఐసీకి దగ్గరగా. 3వ కాలి నుంచి 470 ఓమ్, అక్కడి నుంచి ఎల్ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నెగటివ్‌కు.

ఫ్రీక్వెన్సీ లెక్క: 1.44ను (10 కిలో ఓమ్ + 2 × 68 కిలో ఓమ్) × 10 మైక్రోఫారడ్‌తో భాగిస్తే 0.99 హెర్ట్జ్. అంటే దాదాపు సెకనుకోసారి మిణుకుమంటుంది. అందులో 0.54 సెకన్లు వెలుగు, 0.47 సెకన్లు చీకటి.

బోర్డు చేసే ముందు ఇదంతా బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా భాగాలను గుచ్చి చూసుకునే రంధ్రాల పలక) మీద కట్టి చూసుకోండి. సర్క్యూట్‌లోనే తప్పుంటే ఎంత అందంగా ఎచ్ చేసినా లాభం లేదు.

లేఅవుట్: చేతి పనికి తగ్గట్టు గీయండి

బోర్డు బొమ్మ గీయడానికి కీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. కానీ అందులో ముందే ఉండే కొలతలు ఫ్యాక్టరీ బోర్డుల కోసం పెట్టినవి. వాటిని మార్చకుండా గీస్తే ఇంట్లో ఆ బోర్డు రాదు. ట్రాక్ (రాగి దారి) వెడల్పు 0.8 మి.మీ., రెండు ట్రాకుల మధ్య ఖాళీ కనీసం 0.5 మి.మీ. ఉంచండి. చెయ్యి కుదిరాక 0.4 దాకా దిగవచ్చు. ఐసీ కాళ్ల మధ్య నుంచి ట్రాక్ తీసుకెళ్లే ఆలోచన మొదటి బోర్డులో పెట్టుకోకండి.

ప్యాడ్లు (భాగాల కాళ్లను అతికించే రాగి మచ్చలు) కోడిగుడ్డు ఆకారంలో, 1.6 మి.మీ. వెడల్పు, 2.4 మి.మీ. పొడవు ఉండాలి. అంత పెద్దవి ఎందుకంటే 0.8 మి.మీ. రంధ్రం వేశాక 1.6 ప్యాడ్‌లో చుట్టూ మిగిలేది 0.4 మి.మీ. రాగి మాత్రమే. డ్రిల్ 0.3 మి.మీ. పక్కకు జరిగితే ఒకవైపు 0.1 మిగులుతుంది. అది సోల్డరింగ్ (లోహాన్ని కరిగించి కాళ్లను అతికించడం) వేడికే ఊడిపోతుంది. పొడవు వైపు కాస్త రాగి ఎక్కువుంటే ప్యాడ్ పట్టు నిలుస్తుంది.

ప్రింట్ చేసేటప్పుడు డ్రిల్ రంధ్రాలను అసలు సైజులో కాకుండా చిన్న చుక్కలుగా, 0.35 మి.మీ. దరిదాపుల్లో ప్రింటయ్యేలా ఆప్షన్ ఎంచుకోండి. ఎచింగ్ తర్వాత ప్యాడ్ మధ్యలో సన్నని గుంట ఏర్పడుతుంది, డ్రిల్ మొన అందులో కూర్చుంటుంది. ఇది చేయకపోతే మొన నున్నటి రాగి మీద జారుతూ తిరుగుతుంది.

2ను 6తో కలిపే ట్రాక్ ఐసీ కింద నుంచే వెళ్లిపోతుంది. 4ను 8తో కలపడానికి మాత్రం దారి ఇరుకు. కోసేసిన రెసిస్టర్ కాలితో పై నుంచి ఒక జంపర్ (రెండు చోట్లను కలిపే తీగ) వేసేయండి. ఒకవైపు బోర్డులో ఒకటి రెండు జంపర్లు నామోషీ కాదు, వాటిని తప్పించడానికి ట్రాకులను బోర్డంతా తిప్పడమే దండగ.

ట్రాకుల మధ్య ఖాళీ జాగాను గ్రౌండ్ (నెగటివ్‌కు కలిపిన) రాగితో నింపేస్తే ద్రావణం ఆదా అవుతుంది, నిజమే. అయితే పెద్ద నల్లటి మడుల్లో లేజర్ ప్రింటర్ టోనర్ మధ్యలో పలచగా పడుతుంది, ఎచింగ్‌లో సూదిమొనంత రంధ్రాలు వస్తాయి. నింపాలనుకుంటే గళ్లగళ్లుగా నింపండి. ఈ బోర్డు 40 × 30 మి.మీ. లోపే పట్టేస్తుంది కాబట్టి అసలా అవసరమే లేదు.

ఒక హద్దు ముందే చెప్పాలి. బ్యాటరీ, చిన్న అడాప్టర్ వోల్టేజీల దాకానే ఈ బోర్డులు. ఇంటి కరెంటు నేరుగా వచ్చే సర్క్యూట్లను ఈ పద్ధతిలో చేయవద్దు.

ప్రింట్, అద్దం బొమ్మ గొడవ

బోర్డు కింద వైపు రాగి ఉండి, భాగాలు పై నుంచి గుచ్చే పద్ధతిలో, సాఫ్ట్‌వేర్ కింది పొరను పై నుంచి చూసినట్టే చూపిస్తుంది. కాబట్టి దాన్ని తిప్పకుండా అలాగే ప్రింట్ చేయాలి. రాగి పై పొరగా గీసుకుంటే మాత్రం మిర్రర్ చేయాలి. ఇది గుర్తుండకపోతే కింది పొరలో ఏవో రెండు అక్షరాలు రాసిపెట్టుకోండి. కాగితం మీద అవి తిరగబడి కనిపిస్తే సరైన ప్రింట్. కాగితం మీదే తిన్నగా చదవగలిగితే బోర్డు తప్పు వస్తుంది.

అప్పటికే ఎచింగ్ అయిపోయాక తప్పు తెలిసిందా? బోర్డు పారేయనక్కర్లేదు. ఐసీ సాకెట్‌ను, భాగాలను రాగి వైపే పెట్టి సోల్డర్ చేస్తే పని నడుస్తుంది. చూడటానికి బాగోదు, సాకెట్ కింద సోల్డరింగ్ ఐరన్ మొన దూర్చడం కష్టం, అంతే.

ప్రింటర్ సెట్టింగుల్లో టోనర్ సేవ్ ఆపేయండి, డెన్సిటీ గరిష్ఠానికి పెట్టండి, పేజీకి సరిపెట్టే ఆప్షన్ తీసేసి 100 శాతం ఉంచండి. మామూలు కాగితం మీద ఒకసారి ప్రింట్ తీసి, దాని మీద ఐసీ సాకెట్ కాళ్లు పెట్టి చూడండి. చుక్కల మీద కూర్చోవాలి. 97 శాతంలో ప్రింటయిన బోర్డు ఎనిమిది కాళ్ల ఐసీకి ఎలాగో సరిపోవచ్చు గానీ నలభై కాళ్ల ఐసీకి సరిపోదు.

కాగితం సంగతి. నున్నటి మెరుపు కాగితం, అంటే రంగుల పత్రికల పేజీలు లేదా లేజర్ ప్రింటర్ కోసమే అమ్మే గ్లాసీ పేపర్ వాడండి. ఇంక్‌జెట్ ఫొటో పేపర్లలో కొన్నిటికి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అవి లేజర్ ప్రింటర్ లోపలి వేడి రోలర్‌కు కరిగి అంటుకుంటే బోర్డు మాట దేవుడెరుగు, ప్రింటరే పోతుంది. ప్యాకెట్ మీద లేజర్ అని రాసి లేకపోతే పెట్టకండి. ప్రింటయ్యాక నల్లటి భాగాన్ని వేలితో తాకవద్దు.

రాగిని కడగడం

షీట్‌ను డిజైన్ కంటే చుట్టూ 5 మి.మీ. ఎక్కువగా కోయండి. హాక్సా బ్లేడుతో రెండు వైపులా ఒకే గీత మీద లోతుగా గీరి, బల్ల అంచు మీద పెట్టి వంచితే విరిగిపోతుంది. ఎఫ్‌ఆర్4 లోపల గాజు పీచు ఉంటుంది, దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. కోసేటప్పుడు, డ్రిల్ చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. పొడిని ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. అంచుల్లో పైకి లేచిన రాగి పొరను ఆకురాయితో తప్పకుండా సాఫు చేయాలి, లేకపోతే ఇస్త్రీ పెట్టె ఆ అంచు మీదే ఆగి లోపలి భాగాన్ని సరిగా తాకదు.

ఇప్పుడు గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బరు, సబ్బుతో రాగిని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రుద్దండి. అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు. సన్నని గీతలుంటేనే టోనర్‌కు పట్టు దొరుకుతుంది. కుళాయి కింద కడిగి బోర్డును నిలబెట్టి చూడండి. నీళ్లు పలుచని పొరలా మొత్తం పరుచుకుంటే శుభ్రమైనట్టు. ఎక్కడైనా చుక్కలుగా విడిపోయి, పొడి మచ్చ తేలితే అక్కడ జిడ్డు ఉంది, మళ్లీ రుద్దాలి. ఈ పరీక్షకు అర నిమిషం పట్టదు, బోర్డు నిలుస్తుందో లేదో మాత్రం ముందే తేల్చేస్తుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అక్కడి నుంచి అంచులు మాత్రమే పట్టుకోండి.

ఇస్త్రీ

1. ఇస్త్రీ పెట్టెలో నీళ్లు లేకుండా, ఆవిరి ఆపేసి, కాటన్ లేదా అంతకు మించిన వేడికి పెట్టండి. గట్టి చెక్క మీద మడతపెట్టిన గుడ్డ వేసి, బోర్డును రాగి పైకి ఉండేలా పెట్టండి.

2. రాగి మీద తెల్ల కాగితం కప్పి ఒక నిమిషం ముందుగా వేడి చేయండి. రాగి వేడిని చటుక్కున లాగేసుకుంటుంది. చల్లటి బోర్డు మీద ప్రింట్ పెడితే టోనర్ కాగితం వైపే ఉండిపోతుంది.

3. ప్రింట్‌ను బోర్లా, ఒక్కసారిగా పెట్టండి. పెట్టాక జరపకూడదు. పై నుంచి ఇస్త్రీ పెట్టెను కదపకుండా 30 సెకన్లు బలంగా అదమండి. దీంతో కాగితం అతుక్కుంటుంది.

4. తర్వాత మూడు నాలుగు నిమిషాలు పెట్టె మొనతో, అంచుతో ప్రతి మూలా నొక్కుతూ పోండి. నాలుగు మూలలు, అంచులే ఎక్కువగా తప్పిపోయేవి. కాగితం వెనక నుంచి ట్రాకులు నీడలా కనిపించడం మొదలైతే టోనర్ అంటుకున్నట్టే.

5. బోర్డును అలాగే గది వేడికి చల్లారనివ్వండి. తర్వాత గోరువెచ్చని సబ్బునీళ్లలో 15 నుంచి 20 నిమిషాలు నానబెట్టండి.

కాగితాన్ని పీకకండి. బాగా నానితే పై పొర దానంతటదే లేచి వస్తుంది. మిగిలిన గుజ్జును బొటనవేలితో మెల్లగా రుద్ది తీయాలి. ట్రాకుల మధ్య పాత టూత్‌బ్రష్ వాడండి. తడిగా ఉన్నప్పుడు అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఆరాక చూస్తే ట్రాకుల మధ్య తెల్లటి పొర తేలుతుంది. అది మెరుపు కాగితం పూత. దాన్ని వదిలేస్తే కింద రాగి ఎచ్ కాదు, రెండు ట్రాకులు కలిసే ఉంటాయి. మళ్లీ తడిపి రుద్దండి. టోనర్ మీద తెల్లగా మిగిలితే మాత్రం నష్టం లేదు.

ఇప్పుడు బోర్డును చూసి తప్పు ఎక్కడ జరిగిందో చెప్పవచ్చు. ట్రాకులు కాగితంతో పాటు ముక్కలుగా ఊడితే వేడి చాలలేదు, లేదా జిడ్డుంది. అవి చదునై, పక్కలకు ఉబ్బి, ఖాళీలు మూసుకుపోతే వేడి గానీ బలం గానీ ఎక్కువైంది. బొమ్మ రెండుగా కనిపిస్తే కాగితం జరిగింది. ఒకటి రెండు చోట్ల చిన్న తెగులుంటే పర్మనెంట్ మార్కర్‌తో రెండుసార్లు దిద్దండి. గోళ్ల రంగు ఇంకా గట్టిగా నిలుస్తుంది. అంతకంటే ఎక్కువ పాడైతే దిద్దుతూ కూర్చోవద్దు. అసిటోన్‌తో మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టండి, షీట్ ఏమీ వృథా కాదు.

ఎచింగ్

చేతులకు రబ్బరు గ్లవ్స్, కళ్లకు గాగుల్స్, పాత బట్టలు. కిటికీలు తెరిచి ఉండాలి. పాత్ర ప్లాస్టిక్‌ది గానీ గాజుది గానీ కావాలి. లోహపు గిన్నెలు, చెంచాలు, స్టీలు సింకు దగ్గరకు రానివ్వద్దు. ఫెర్రిక్ క్లోరైడ్ వాటినీ తినేస్తుంది. బట్టల మీద పడ్డ పసుపు మరక పోదు.

లీటరు నీళ్లకు 400 నుంచి 500 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్ గడ్డలు సరిపోతాయి. నీళ్లలోకే కొద్దికొద్దిగా గడ్డలు వేయాలి, గడ్డల మీద నీళ్లు పోయకూడదు. కరిగేటప్పుడు వేడెక్కుతుంది, ఘాటైన ఆవిరి వస్తుంది. నీళ్లు లేని నల్లటి పొడి రకమైతే మరీ ఉడుకుతుంది.

ఎంత ద్రావణం కావాలో లెక్క ఉంది. 10 × 10 సెం.మీ. షీట్ మీద 35 మైక్రాన్ల రాగి 3.1 గ్రాములు తూగుతుంది. దాన్నంతా కరిగించడానికి లెక్క ప్రకారం 27 గ్రాముల గడ్డలు చాలు. వాడకంలో దానికి రెట్టింపు వేసుకోండి, చివరి సగం చాలా నెమ్మదిగా పనిచేస్తుంది. మన బ్లింకర్‌కైతే బోర్డు మునిగేంత, అంటే 60 మి.లీ. పోసుకున్నా ఎక్కువే.

ద్రావణం 40 నుంచి 45 డిగ్రీల వేడిలో ఉంటే 10 నుంచి 20 నిమిషాల్లో పని అయిపోతుంది. చల్లగా ఉంటే గంట దాటినా ఆశ్చర్యం లేదు. దాన్ని పొయ్యి మీద పెట్టకండి, ఆ ట్రేను వేడినీళ్లున్న పెద్ద ట్రేలో కూర్చోబెట్టండి. బోర్డు కదలకుండా పడి ఉంటే కరిగిన రాగి దాని మీదే పేరుకుని కొత్త ద్రావణాన్ని రానివ్వదు. ట్రేను ఒకవైపు నుంచి మరోవైపుకు ఊపుతూ ఉండాలి.

రాగి ముందుగా అంచుల దగ్గర, చివరగా పెద్ద ఖాళీల మధ్యలో పోతుంది. రెండు నిమిషాలకోసారి ప్లాస్టిక్ పటకారుతో ఎత్తి చూడండి. ఆఖరి మచ్చ పోగానే బయటికి తీసేయాలి. అలాగే వదిలేస్తే ద్రావణం టోనర్ కింద పక్క నుంచి తొలుస్తుంది. 0.8 ట్రాక్ తట్టుకుంటుంది, 0.3 ట్రాక్ తెగుతుంది. ఒకే మచ్చ మొండికేస్తే బోర్డంతా ముంచి ఉంచడం కంటే ద్రావణంలో తడిపిన స్పాంజి ముక్కతో అక్కడే రుద్దండి.

మిగిలిన ద్రావణాన్ని ప్లాస్టిక్ సీసాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందనిచోట దాచండి. చాలా బోర్డులకు వస్తుంది. ముదురు ఆకుపచ్చకు తిరిగి, వేడి చేసినా కదలకపోతే దాని పని అయిపోయినట్టు. దాన్ని డ్రైనేజీలో పోయకూడదు. అందులోని రాగి నీటిలోని జీవులకు విషం, ద్రావణం లోహపు పైపులనూ తింటుంది. పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో వాషింగ్ సోడా కొద్దికొద్దిగా కలపండి. బాగా నురగ వస్తుంది, తొందరపడితే పొంగి పొర్లుతుంది. నురగ రావడం ఆగాక అడుగున చేరిన మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పగించండి. హైడ్రోక్లోరిక్ ఆసిడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి వాడే పద్ధతి వేగమైనదే. కానీ దాని ఆవిరి గదిలో ఉన్న పనిముట్లన్నిటినీ తుప్పు పట్టిస్తుంది. ఇంటి లోపల దాని జోలికి పోవద్దు.

డ్రిల్లింగ్

టోనర్ తీయకముందే డ్రిల్ చేయండి, రాగి మీద వేలిముద్రలు పడవు. ఐసీ సాకెట్, రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఎల్ఈడీకి 0.8 మి.మీ., బ్యాటరీ వైర్లకు 1.0 నుంచి 1.2 మి.మీ. రాగి వైపు నుంచి, కింద చెక్క పెట్టి, ఎక్కువ వేగంతో, తక్కువ ఒత్తిడితో వేయాలి. వెనక నుంచి వేస్తే బయటికొచ్చే మొన ప్యాడ్‌ను లేపేస్తుంది. కార్బైడ్ బిట్లు గాజు పీచును బాగా కోస్తాయి గానీ చెయ్యి కొంచెం వణికినా పుటుక్కుమంటాయి. వాటిని స్టాండ్‌కు బిగించిన డ్రిల్‌లోనే వాడండి. చేత్తో పట్టుకునే డ్రిల్ అయితే హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ నయం, తొందరగా మొద్దుబారినా విరగదు.

తర్వాత అసిటోన్‌తో టోనర్ తుడిచేయండి. అది తొందరగా అంటుకునే ద్రవం, ఇస్త్రీ పెట్టె గానీ సోల్డరింగ్ ఐరన్ గానీ వేడిగా ఉన్న బల్ల మీద సీసా తెరవద్దు.

పరీక్ష, సోల్డరింగ్

బోర్డును దీపానికి ఎదురుగా పట్టుకోండి. ఎఫ్‌ఆర్4 గుండా వెలుతురు వస్తుంది కాబట్టి వెంట్రుకంత రాగి పోగు మిగిలినా, ట్రాక్‌లో సన్నని పగులున్నా ఇట్టే దొరుకుతాయి. పోగును బ్లేడుతో గీకేయండి. పగులు మీద సన్నని వైరు పరిచి సోల్డర్ చేయండి. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి పక్కపక్క ప్యాడ్లను, పాజిటివ్ నెగటివ్‌లను తాకి చూడండి. కలవకూడనివి కలిస్తే బీప్ వస్తుంది.

సోల్డర్ (తగరం, సీసం కలిపిన తీగ) 60/40 గానీ 63/37 గానీ, 0.8 మి.మీ., లోపల రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసే చెట్టు జిగురు) ఉన్నది తీసుకోండి. మొన వేడి 330 నుంచి 350 డిగ్రీలు. సీసం లేని సోల్డర్‌కు 370 దాకా కావాలి. ఇంటి బోర్డు రంధ్రాల లోపల రాగి పూత ఉండదు, ప్యాడ్‌ను పట్టుకుని ఉండేది కింది జిగురొక్కటే. ఒక్కో జాయింట్ దగ్గర మూడు సెకన్లకు మించి ఐరన్ ఉంచితే ప్యాడ్ లేచిపోతుంది. ముందు జంపర్, రెసిస్టర్లు, తర్వాత సాకెట్, కెపాసిటర్లు, చివర ఎల్ఈడీ, వైర్లు. ఐసీని ఇంకా పెట్టకండి.

ఖాళీ సాకెట్‌తో బ్యాటరీ తగిలించి 1వ కాలికి, 8వ కాలికి మధ్య 9 వోల్టులు, 1కి, 4కు మధ్య కూడా 9 ఉన్నాయని చూశాక బ్యాటరీ తీసి ఐసీని గుచ్చండి. మళ్లీ తగిలిస్తే మిణుకుమనాలి. అలా జరగకపోతే 5వ కాలి దగ్గర కొలవండి, 6 వోల్టులుండాలి. అది ఉంటే ఐసీకి కరెంటు అందుతున్నట్టే. 6వ కాలి వోల్టేజీ 3కు, 6కు మధ్య ఊగుతుండాలి. ఎల్ఈడీ ఆరకుండా వెలుగుతూ, 6వ కాలు సున్నా దగ్గరే ఉంటే కెపాసిటర్ చార్జ్ కావడం లేదు, 68 కిలో ఓమ్ దారి తెగింది లేదా కెపాసిటర్ షార్ట్ అయింది. ఒకసారి వెలిగి ఆరిపోయి మళ్లీ వెలగకపోతే 7వ కాలి జాయింట్ చూడండి. 6వ కాలు మామూలుగా ఊగుతున్నా వెలుగు రాకపోతే ఎల్ఈడీ తిరగబడి ఉంటుంది. సెకనుకు ఆరుసార్లు టపటపలాడితే 68 కిలో ఓమ్ బదులు 6.8 వేశారు. దాని మూడో పట్టీ నారింజ కాదు, ఎరుపు.

పనిచేశాక ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, బ్రష్‌తో కడగండి. ఆరిన తర్వాత రోజిన్‌ను అదే ఆల్కహాల్‌లో కరిగించి రాగి మీద పలుచగా పూస్తే నల్లబడదు, పైగా తర్వాత ఎప్పుడైనా భాగం మార్చాలంటే ఆ పూత మీదే నేరుగా సోల్డర్ చేయవచ్చు. స్ప్రే వార్నిష్ ఇంకా గట్టిది కానీ సాకెట్ రంధ్రాల్లోకి పోతుంది. అది కొట్టే ముందు ఐసీ తీసి సాకెట్‌కు టేపు అంటించండి.